పాత షాపు ధరల లేబుల్‌ని వైర్‌లెస్ డిస్‌ప్లేగా మార్చడం, తెలుగు అక్షరాలతో సహా

సూపర్‌మార్కెట్ ర్యాకుల మీద ధర చూపించే చిన్న ఈ-పేపర్ (కాగితం మీది అచ్చులా కనిపించే స్క్రీన్) లేబుళ్లు ఉంటాయి కదా, యూరప్‌లో వాడేసినవి లాట్లుగా ఈబేలో దొరుకుతుంటాయి. స్క్రీన్ మారేటప్పుడే కరెంటు తీసుకుంటుంది, మారాక బ్యాటరీ పీకేసినా బొమ్మ అలాగే ఉంటుంది, అందుకే కాయిన్ సెల్ మీద నెలల తరబడి నడుస్తుంది. ఇంత మంచి సరుకు చెత్తలోకి పోకూడదు. అలాగని నడుస్తున్న షాపులోంచి పీక్కురావడం దొంగతనమే, ఆ పని మాత్రం చెయ్యొద్దు.

కొనేముందు సైజు కంటే ముందు లోపలి చిప్ ఏంటో కనుక్కోండి. సోలమ్ కంపెనీ లేబుల్లో జెడ్‌బీఎస్243 చిప్ ఉంటే ఓపెన్ ఈపేపర్ లింక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడొచ్చు, కానీ దానికి ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుతో ఒక యాక్సెస్ పాయింట్ (లేబుళ్లకి బొమ్మలు పంపే పెట్టె) కట్టుకోవాలి, ఇంటినిండా లేబుళ్లు పెట్టేవాళ్లకి అది బాగుంటుంది. ఒకటో రెండో చాలనుకుంటే హాన్షో కంపెనీ స్టెల్లార్ లేబుల్, టెలింక్ టీఎల్ఎస్ఆర్8359 చిప్ ఉన్నది తీసుకోండి. దీనికోసం ఆరన్ క్రిస్టోఫెల్ అనే ప్రోగ్రామర్ రాసిన ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) గిట్‌హబ్ సైట్లో ఉంది, అది ఎక్కిస్తే ఫోన్ నుంచి బ్లూటూత్‌తోనే బొమ్మ పంపొచ్చు.

విప్పేటప్పుడు ప్లాస్టిక్ ముక్కతో అంచు వెంబడి మెల్లగా లేపండి, స్క్రూడ్రైవర్ దూర్చారో గాజు పగులుతుంది, గాజు పగిలితే ఇక చేసేదేమీ లేదు. బ్యాటరీ తీసేసి, కంప్యూటర్ యూఎస్‌బీని చిప్‌తో కలిపే యూఎస్‌బీ-సీరియల్ బోర్డు తగిలించండి: గ్రౌండ్, 3.3 వోల్టులు (5 ఇస్తే చిప్ పోతుంది), లేబుల్ రీసెట్‌కి బోర్డు ఆర్‌టీఎస్ పిన్, ఇక లేబుల్లో ఎస్‌డబ్ల్యూఎస్ అనే ఒక్క పిన్‌కి బోర్డు ఆర్‌ఎక్స్ నేరుగా, టీఎక్స్ మాత్రం 1 కిలో ఓమ్ రెసిస్టర్ మీదుగా. లేబుల్ బోర్డు మీద ఏ ప్యాడ్ (వైరు అతికించే చోటు) ఏదో గిట్‌హబ్‌లోని ఆ ప్రాజెక్ట్ పేజీలో ఫొటోలున్నాయి, మీ బోర్డు వాటితో సరిపోలితేనే ముందుకెళ్లండి. ఫ్లాష్ చెయ్యడం, అంటే ఫర్మ్‌వేర్ ఎక్కించడం, కంప్యూటర్లో క్రోమ్ బ్రౌజర్లోంచే అయిపోతుంది. తర్వాత బొమ్మలు పంపడానికి ఆండ్రాయిడ్ క్రోమ్ చాలు, ఐఫోన్ సఫారీలో వెబ్ బ్లూటూత్ (వెబ్‌పేజీ నుంచే బ్లూటూత్ వాడే సౌకర్యం) లేదు.

అసలు పని తెలుగు దగ్గరే మొదలవుతుంది. లేబుల్ ఫర్మ్‌వేర్‌కి మన గుణింతాలు, ఒత్తులు కలపడం రాదు, కాబట్టి అక్షరాలు పంపకుండా కంప్యూటర్లో బొమ్మగా గీసి పంపాలి. పైథాన్‌లో పిల్లో (బొమ్మలు గీసే లైబ్రరీ) వాడేవాళ్లు ముందు దానికి రాకమ్ (అక్షరాల్ని సరిగ్గా కలిపి పేర్చే లైబ్రరీ) సపోర్ట్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే 'క్ష్మి' లాంటివి విడివిడి ముక్కలుగా పడతాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ బాగా వస్తుంది. 2.13 అంగుళాల లేబుల్ అంటే మహా అయితే 250×122 పిక్సెళ్లే, ఒత్తులకి కిందా గుడులకి పైనా చోటు కావాలి కాబట్టి మూడు లైన్లకి మించి ఇరికించొద్దు, మరీ లావు ఫాంట్ పెడితే లోపలి సున్నాలు పూడిపోయి మ, య తేడా తెలీదు. చివర్లో బొమ్మని శుద్ధ నలుపు తెలుపుకి మార్చండి, డితరింగ్ (చుక్కలతో బూడిద రంగు భ్రమ కలిగించడం) ఆపేసి, ఫొటోలకైతేనే అది పనికొస్తుంది.

నిమిషానికోసారి మారే గడియారంగా పెడితే బ్యాటరీ త్వరగా తాగేస్తుంది. ఇవాళ్టి తిథి, పిల్లల టైంటేబుల్, గ్యాస్ బుక్ చేసిన తేదీ, ఇలా రోజుకోసారి మారేవి పెట్టుకోండి. ఎరుపు కూడా ఉన్న ప్యానెల్ అయితే మారేటప్పుడు చాలాసేపు మినుకుమినుకుమంటుంది, కంగారుపడి మధ్యలో సెల్ పీకొద్దు. బ్లూటూత్ కనెక్ట్ అవుతోంది కానీ స్క్రీన్ సగంలో ఆగుతోందంటే ఫర్మ్‌వేర్‌ని అనుమానించే ముందు కొత్త సెల్ వేసి చూడండి, రిఫ్రెష్‌కి కావాల్సిన కరెంటు పాత సెల్ ఇవ్వలేదు.