లైనక్స్ బూట్‌లో ఆ 90 సెకన్లు ఎటు పోతున్నాయో దొరికింది

మాది పర్లాకిమిడి. మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ ఉంది, డెస్క్‌టాప్ వచ్చాక బాగానే నడుస్తుంది గానీ ఆన్ చేస్తే లోగో దగ్గరే నిమిషంన్నర పైన నిలబడిపోయేది. పాతపట్నంలో చూపిస్తే డిస్క్ పోయింది కొత్తది వెయ్యాలన్నారట, డిస్క్ ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌తో చూస్తే డిస్క్‌కి ఏటీ అవలేదు.

బూట్‌కి ఎంత టైం పట్టిందో చెప్పే సిస్టమ్‌డీ-ఎనలైజ్ కమాండ్ కొడితే యూజర్‌స్పేస్ (కెర్నల్ లేచాక సర్వీసులు స్టార్టయ్యే దశ) దగ్గర 1 నిమిషం 30 సెకన్లు దాటి చూపిస్తోంది, దాని వెనకాల బ్లేమ్ (ఏది ఎంత టైం తిందో చూపేది) పెట్టి చూస్తే మాత్రం అంత టైం తిన్న సర్వీసే లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. బ్లేమ్‌లో స్టార్టయిన యూనిట్లే కనిపిస్తాయి, అసలు రాని డివైస్ కోసం చూసిన టైం అందులో పడదు. ఈ బూట్ లాగ్ చూపే జర్నల్‌సీటీఎల్ మైనస్ బి లో వెతికితే ఉంది, ఏదో యూయూఐడీ (పార్టిషన్‌కి ఉండే గుర్తింపు నంబర్) డివైస్ కోసం చూసి చూసి టైమవుట్ అయిందని. రాని చుట్టం కోసం విస్తరి వేసుక్కూర్చున్నట్టు సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులన్నీ లేపేది) డిఫాల్ట్‌గా 90 సెకన్లు చూస్తుంది.

సంగతేటంటే వాడు పక్క పార్టిషన్‌లో ఇంకో డిస్ట్రో (వేరే రకం లైనక్స్) వేశాడు, ఆ ఇన్‌స్టాలర్ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న స్వాప్‌ని (ర్యామ్ చాలకపోతే వాడే డిస్క్ భాగం) మళ్లీ ఫార్మాట్ చేసేసింది, యూయూఐడీ మారిపోయింది, మింట్ ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ పార్టిషన్లు తగిలించాలో రాసుండే ఫైల్) పాతదే ఉండిపోయింది. సుడో బ్లాక్‌ఐడీ కొట్టి కొత్త నంబర్ తీసి ఎఫ్‌స్టాబ్‌లో మార్చాను (ముందు కాపీ తీసుకోండి బాబూ, ఆ ఫైల్ చెడితే బూటే అవదు). ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ ఫోల్డర్ కింద రెజ్యూమ్ అనే ఫైల్లో (హైబర్నేట్ నుంచి లేవడానికి ఏ స్వాప్ చూడాలో ఉండేది) కూడా పాత నంబరే ఉంటే అదీ మార్చి, బూట్ మొదట్లో లోడయ్యే ఇమేజ్ మళ్లీ తయారయ్యేలా అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మైనస్ యు కొట్టాలి, లేదంటే అక్కడ వేరేగా కాసేపు ఆగుతుంది.

ఇప్పుడు లోగో కనపడేలోపే లాగిన్ వచ్చేస్తోంది. డిస్క్ కోసం దాచిన డబ్బుతో ర్యామ్ కొందామంటున్నాడు కుర్రాడు.