భోజనం తర్వాత గోలకు చప్పట్ల మంత్రం

రెండు మూడు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పే టీచర్లకు మధ్యాహ్న భోజనం తర్వాత మొదటి పది నిమిషాలే అసలు పరీక్ష. "సైలెన్స్!" అని అరిస్తే మన గొంతు పోతుంది తప్ప గోల తగ్గదు.

అరవకుండా చప్పట్లు కొట్టి చూడండి. రెండు మెల్లగా, మూడు గబగబా. పిల్లలు అదే వరసలో తిరిగి కొట్టాలి. మొదట ముందు కూర్చున్నవాళ్లే అందుకుంటారు. వరస మార్చి మళ్లీ కొడితే వెనకవాళ్లూ కలుస్తారు. చేతులకు పని దొరికితే పక్కవాడిని గిల్లడం ఆగుతుంది. సద్దుమణిగిన ఆ క్షణంలోనే, చిన్న గొంతుతో పని చెప్పేయాలి. అందుకే దాన్ని ముందే బోర్డు మీద రాసి ఉంచుకోండి: మూడో తరగతికి కూడికలు, ఒకటో తరగతికి పలక మీద గుణింతం. ఇక్కడ ఆలస్యమైతే చప్పట్లూ ఆటైపోతాయి.

కుదురులేని పిల్లాడు ప్రతి క్లాసులో ఒకడుంటాడు. నోట్‌బుక్కులు పంచే పని వాడికివ్వండి, అదీ అల్లరి మొదలుపెట్టక ముందే. తర్వాత ఇస్తే అల్లరికి బహుమతి ఇచ్చినట్టే. పాఠం మధ్యలో కదిలితే పేరు పెట్టి పిలవకండి. చెబుతున్నది ఆపకుండా వాడి పక్కకు నడిచి, పుస్తకంలో లైను వేలితో చూపించండి, చాలు.

లీడర్ చేత బోర్డు మీద 'మాట్లాడినవారు' అని పేర్లు రాయించడం మాత్రం మానేయడమే మేలు. లీడర్ స్నేహితుల పేర్లు అందులో ఎప్పుడూ ఉండవు! ఇక బెత్తం సంగతంటారా, 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. గోడకుర్చీ వేయించడమూ శిక్షే.