డెస్క్‌టాప్‌కి నమ్మకమైన ఎస్ఎంపీఎస్ ఎలా ఎంచుకోవాలి?

రాత్రిళ్లు చేపల, రొయ్యల చెరువుల మీద నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరగడం మొదలవగానే భీమవరం చుట్టుపక్కల పల్లెల్లో ట్యూబులైటు మినుకుమంటుంది. గాలివాన వస్తే కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. డెస్క్‌టాప్‌లో ఆ దెబ్బ ముందు తగిలేది ఎస్ఎంపీఎస్‌కే, అంటే గోడ కరెంటుని మార్చి లోపలి భాగాలన్నిటికీ అందించే పెట్టెకే. మా తమ్ముడి ఫొటో స్టూడియోలో అలాంటి రాత్రే ఒకటి పేలింది. పోతూ పోతూ పెళ్లి ఫొటోలున్న హార్డ్‌డిస్క్‌ని కూడా తీసుకుపోయింది. అందుకే, అన్నీ కొన్నాక మిగిలిన డబ్బుతో ఎస్ఎంపీఎస్ కొనకండని అందరికీ చెబుతుంటాను.

ముందు మీ కంప్యూటర్ ఎంత లాగుతుందో లెక్క వేయండి. ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్‌ని 65 వాట్లదని అంటారు గానీ, బరువైన పని పడితే 117 దాకా వెళుతుంది. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డుకి 170. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకి ఓ 60 వేసుకోండి. మొత్తం 350కి దగ్గర. కార్డు క్షణకాలం అంతకంటే ఎక్కువే లాగుతుంది కాబట్టి దాని తయారీ సంస్థ ఎన్విడియా ఆ కార్డుకి 550 వాట్లు ఉండాలంటుంది. కార్డే లేకపోతే మంచి 450 హాయిగా సరిపోతుంది.

తర్వాత స్టిక్కర్ చదవండి. అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. తమ్ముడి దగ్గర పేలినదాన్ని చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంది. పైన పెద్ద అంకెల్లో 450. కింద చిన్న గళ్లలో 12 ఓల్టుల దగ్గర 15 ఆంపియర్లు. 12ని 15తో గుణిస్తే 180 వాట్లే! ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ఈ 12 ఓల్టుల మీదే. నిజమైన 450 అయితే అక్కడ 36 ఆంపియర్లు, ఆ దరిదాపుల్లో ఉంటుంది. షాపులో పెట్టె తెరిపించి మరీ ఈ గుణకారం చేయండి, మొహమాటపడొద్దు.

అదే స్టిక్కర్ మీద ఇన్‌పుట్ కూడా చూడండి. 100 నుంచి 240 ఓల్టులు అని ఉన్నది లో ఓల్టేజీని బాగా తట్టుకుంటుంది. మన డెల్టాకి అదే కావాలి. వెనక 115/230 అని ఎర్ర స్విచ్చు ఉన్నది పాతకాలం డిజైను, వద్దు.

80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉంటే మంచిదే. 115 ఓల్టుల పరీక్షలో సగం లోడు మీద 85 శాతం సామర్థ్యం చూపిందని దానర్థం. అయితే ఆ ముద్ర కరెంటు పొదుపు గురించే చెబుతుంది, భద్రత గురించి కాదు. ఓవర్ ఓల్టేజీ, ఓవర్ లోడు, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయో లేదో పెట్టె మీద విడిగా చూసుకోండి. వారంటీ కనీసం ఐదేళ్లు ఉన్నది తీసుకోండి.

ఇక ఇంటి సంగతి. క్యాబినెట్ తాకితే చెయ్యి జిల్లుమంటోందా? ఎర్తింగ్ సరిగ్గా లేదేమో. అంతర్వేది, నర్సాపురం వైపు ఉప్పునేలల్లో ఎర్తు పైపు తొందరగా తుప్పు పడుతుంది, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఇన్వర్టర్ ఉంటే దాని స్విచ్చు యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ ఆగిపోయే ప్రమాదం ఉంది.

బిగించాక బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరుచుకునే సెట్టింగుల తెరలోకి) వెళ్లి 12 ఓల్టుల రీడింగ్ చూడండి. 11.4కీ 12.6కీ మధ్య ఉంటే సరే. పాత ఎస్ఎంపీఎస్‌ని మాత్రం మీరు విప్పకండి. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో ప్రాణం మీదికి తెచ్చేంత ఛార్జి ఉండిపోవచ్చు. దాని ఊడదీసే కేబుళ్లని కూడా కొత్తదానికి తగిలించొద్దు. పిన్నులు సరిగ్గా కూర్చున్నా లోపల వైర్ల వరస వేరుగా ఉండి, ఆన్ చేసిన క్షణంలో డిస్కులు కాలిపోవచ్చు.