వర్కింగ్ జర్మన్ షెపర్డ్‌లలో లైన్‌బ్రీడింగ్ ఎలా చేయాలి? సైజు చూడాలా, టెంపరమెంట్ చూడాలా?

లైన్‌బ్రీడింగ్ అంటే ఒక మంచి పూర్వీకుడి పేరు తండ్రి వైపూ తల్లి వైపూ వెనక తరాల్లో వచ్చేలా జతలు కుదర్చడం. జత కుదిర్చేటప్పుడు చాలామంది ముందు అడిగేది మగకుక్క ఎత్తెంత, బరువెంత అనే. పిల్లల్ని కొనడానికి వచ్చేవాళ్లూ అంతే, తల పెద్దదా, కాళ్లు లావా అని చూస్తారు. చూడ్డంలో తప్పేం లేదు గానీ ప్లాన్ అక్కణ్ణించి మొదలుపెడితే మాత్రం రెండుమూడు తరాలు తిరిగేసరికి కంటికి భారీగా కనబడుతూ, వెనకాల ఒక స్టీల్ ప్లేటు కిందపడితే తోక ముడిచే కుక్కలు మిగుల్తాయి. నేను చెప్పేది ఒకటే, ఏ కుక్క మీద లైన్ కడుతున్నారో దాన్ని టెంపరమెంట్ చూసి ఎంచుకోండి, సైజుని తర్వాత జతల్లో సర్దుకోండి. ఎత్తు కొలిచి చూసుకోవచ్చు, పిల్లలకి బాగానే దిగుతుంది, కాస్త ఓపిక పడితే పైకో కిందకో జరపొచ్చు. నెర్వ్, అంటే బెదిరినా వెంటనే తేరుకునే నిబ్బరం, అలా కాదు, బోలెడు జీన్స్, పెంపకం అన్నీ కలిస్తే వచ్చేది, అందుకే లైన్‌లోంచి జారిపోతుంటే వెంటనే తెలీదు, తెలిసేసరికి మళ్లీ తెచ్చుకోవడానికి ఏళ్లు పడుతుంది.

స్టెప్ 1: సైజుకి హద్దులు పెట్టుకోండి

స్టాండర్డ్ ప్రకారం మగకుక్క భుజాల దగ్గర 60 నుంచి 65 సెంటీమీటర్లు, 30 నుంచి 40 కిలోలు. ఆడకుక్క 55 నుంచి 60 సెంటీమీటర్లు, 22 నుంచి 32 కిలోలు. ఇది మీడియం సైజు పనికుక్క, అంతే. 1899లో ఈ బ్రీడ్‌ని మొదలుపెట్టిన మాక్స్ ఫోన్ స్టెఫానిట్జ్ బ్రీడ్ రిజిస్టర్‌లో మొదటి కుక్కగా రాసిన హోరాండ్ ఫోన్ గ్రాఫ్రాత్ ఎత్తు 61 సెంటీమీటర్ల చుట్టుపక్కలే, ఆ రోజుల్లో దాన్నే పెద్ద కుక్క అనేవాళ్లు. తర్వాత కుక్కలు మరీ పొడుగ్గా, చతురస్రంగా అయిపోతున్నాయని అదే స్టెఫానిట్జ్ 1925లో కాస్త తక్కువ ఎత్తున్న క్లోడో ఫోమ్ బాక్స్‌బెర్గ్‌ని సీగర్‌గా (ఆ ఏటి చాంపియన్‌గా) నిలబెట్టి బ్రీడ్ దారి మార్చాడు. అంటే సైజు పిచ్చి ఇప్పటిది కాదు, దాన్ని వెనక్కి లాగాల్సి రావడమూ కొత్త కాదు.

బరువు ఎక్కువైతే ఏమవుతుందో ఐజీపీ (వాసన పట్టడం, విధేయత, రక్షణల్లో పనికుక్కల పోటీ) గ్రౌండ్‌లో చూస్తే అర్థమవుతుంది. అందులో మీటరు హర్డిల్ దూకాలి, 180 సెంటీమీటర్ల వాల్ ఎక్కి దిగాలి. 45 కిలోల కుక్క దిగిన ప్రతిసారీ ఆ బరువంతా ముందుకాళ్ల మీద పడుతుంది, ఎండలో దాని పని కూడా తొందరగా ఆగిపోతుంది.

స్టెప్ 2: పెడిగ్రీ చదవండి, లెక్క వెయ్యండి

కనీసం ఐదు తరాల పెడిగ్రీ (వంశవృక్షం) తీసుకోండి, తల్లిదండ్రుల్ని ఒకటో తరంగా లెక్కపెట్టండి. 3-4 అని రాసుంటే ఒకే కుక్క తండ్రి వైపు మూడో తరంలో, తల్లి వైపు నాలుగో తరంలో ఉందని అర్థం. అలా ఒక్క కుక్కే కామన్‌గా ఉంటే ఇన్‌బ్రీడింగ్ లెక్క (పిల్లకి రెండు వైపుల నుంచీ ఆ పూర్వీకుడి ఒకే జీన్ వచ్చే అవకాశం) ఇలా వస్తుంది: 2-2 అయితే 12.5 శాతం, 2-3 అయితే 6.25, 3-3 అయితే 3.1, 3-4 అయితే 1.6, 4-4 అయితే 0.8 శాతం. మొదట్లో బ్రీడ్‌ని నిలబెట్టడానికి చాలా దగ్గరగా కలిపారు, హోరాండ్ కొడుకు హెక్టర్‌ని వేరే తల్లికి పుట్టిన హోరాండ్ కూతురు థెక్లాతోనే కలిపారు, అది హోరాండ్ మీద 2-2. ఇప్పుడు మనకి అంత దగ్గర అక్కర్లేదు, ఎందుకంటే ఏ రెండు షెపర్డ్‌లు తీసుకున్నా వెనక్కి వెళ్లేకొద్దీ అవే పేర్లు కలుస్తుంటాయి, కాగితం మీద కనబడేదానికంటే అసలు శాతం ఎక్కువే ఉంటుంది. వీలైతే డీఎన్ఏ టెస్టుతో సీఓఐ (అదే ఇన్‌బ్రీడింగ్ శాతం) తీయించండి. నేనైతే 3-3 కంటే దగ్గరికి వెళ్లొద్దనే చెప్తాను, 3-4, 4-4 సరిపోతాయి.

స్టెప్ 3: ఎవరి మీద లైన్ కట్టాలో తేల్చుకోండి

ఇక్కడ ఎంత టైమ్ పెట్టినా తక్కువే. టైటిల్స్ చూసి ఆగిపోవద్దు, దాని తోబుట్టువులు ఎలా ఉన్నాయి, వేరేవేరే ఆడకుక్కలతో పుట్టిన పిల్లలు ఎలా తేలాయి అని కనుక్కోండి. నాలుగు రకాల ఆడకుక్కల్తో కలిసినా నిలకడైన పిల్లల్నే ఇచ్చిన మగకుక్క, తనొక్కటే స్టార్ అయ్యి పిల్లలు మామూలుగా మిగిలినదానికంటే ఎంతో మేలు. ఇంకో సంగతి, ఆ పూర్వీకుడి గుణం ఏ కొడుకు, ఏ కూతురు ద్వారా మీ దాకా వస్తోందో వాళ్లల్లో కూడా అది కనబడాలి, మధ్యలో తెగిపోతే పెడిగ్రీలో పేరు రెండుసార్లు వచ్చినా లాభం లేదు.

స్టెప్ 4: హెల్త్ టెస్టులు

హిప్స్, ఎల్బోస్ ఎక్స్‌రే, డీజెనరేటివ్ మైలోపతి (వెన్నుపాము పాడై వెనక్కాళ్లు పడిపోయే జబ్బు) డీఎన్ఏ టెస్ట్, మగకుక్కకి హీమోఫీలియా ఎ (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) టెస్ట్. లైన్‌బ్రీడింగ్‌లో దాక్కున్న జబ్బులు కూడా రెండు వైపులా కలుస్తాయి, కాబట్టి ఇది లేకుండా ముందుకి వెళ్లొద్దు.

స్టెప్ 5: నెర్వ్‌ని కళ్లారా చూడండి

వీడియోలు చూసి డిసైడ్ అవ్వద్దు. కుక్కని దానికి తెలియని చోటుకి తీసుకెళ్లమనండి, నున్నటి ఫ్లోర్ మీద నడిపించండి, సందులు కనబడే ఇనప మెట్లు ఎక్కించండి, అది వేరేవైపు చూస్తున్నప్పుడు వెనక ఒక ఖాళీ డబ్బా పడెయ్యండి. ఉలిక్కిపడటం తప్పు కాదు, ఆ తర్వాత ఏం చేస్తుందనేదే అసలు విషయం: చెవులు తిప్పి, రెండు సెకన్లలో డబ్బా దగ్గరికెళ్లి వాసన చూసి వదిలేసిందా, లేక ఓనర్ కాళ్ల వెనక్కి చేరి మళ్లీ అటువైపే వెళ్లనంటోందా? రెండోది ఎంత అందమైన కుక్కైనా నా లిస్టులో ఉండదు. భయంతో మొరుగుతూ పైకొచ్చే కుక్కని చాలామంది ధైర్యం అనుకుంటారు, కానీ బరువంతా వెనక్కాళ్ల మీద పెట్టి, కళ్లు అటూఇటూ తిప్పుతూ మొరుగుతుంటే అది పారిపోయే దారి వెతుక్కుంటోందని అర్థం. ఆడకుక్కని ఇంకా గట్టిగా చూడాలి, పిల్లలు తొలి వారాలన్నీ తల్లి దగ్గరే ఉంటాయి, తెలియని మనిషిని చూసి తల్లి బెదిరితే అవీ అదే నేర్చుకుంటాయి.

స్టెప్ 6: ఇప్పుడు సైజుని తూకం వెయ్యండి

మీ ఆడకుక్క 56 సెంటీమీటర్లు, నెర్వ్ బ్రహ్మాండం అనుకోండి. ఎదురుగా రెండు మగకుక్కలున్నాయి, ఒకటి 66 సెంటీమీటర్లు, చూపులు తిప్పుకోలేం, కానీ ఆ మెట్ల దగ్గర తటపటాయించింది. రెండోది 62, మెట్లెక్కి పైన నిలబడి ఆడుకోవడానికి బంతేదీ అన్నట్టు చూసింది. రెండోదే తీసుకోండి, పిల్లలు కాస్త చిన్నగా వచ్చినా హద్దుల్లోనే ఉంటాయి. లైన్ నిజంగానే చిన్నదైపోతోంది, ఆడపిల్లలు 55 కిందకి వస్తున్నాయంటే అప్పుడు 64, 65 ఉన్న మగకుక్కని వెతకండి, కానీ స్టెప్ 5 పాసైనవాటిలోంచే. ఒక పక్క బెదురు, ఇంకో పక్క మొద్దు కలిపితే అన్నీ మధ్యస్థంగా వస్తాయనుకోవద్దు, ఒకే ఈతలో కొన్ని ఇలా కొన్ని అలా రావచ్చు.

స్టెప్ 7: ఈతంతా చూడండి

ఉన్నవాటిల్లో బెస్ట్ పిల్లని చూసి ఈత బాగుందనుకోవడం మామూలే, కానీ జత ఎలా ఉందో చెప్పేది బలహీనమైన పిల్లే. ఏడెనిమిది వారాలప్పుడు చేసే టెస్టు ఇంటికి తగిన పిల్లని ఇవ్వడానికి పనికొస్తుంది గానీ పెద్దయ్యాక ఎలా ఉంటుందో గ్యారంటీ ఇవ్వదు. ఏడాది నిండాక, మళ్లీ ఏడాదిన్నరకి, అమ్మిన పిల్లల్ని కూడా వెళ్లి చూడండి, ఎత్తు కొలవండి, అదే డబ్బా టెస్టు చెయ్యండి, నోట్‌బుక్‌లో రాసుకోండి. ఈతకి పిల్లలు తగ్గుతున్నా, పుట్టినవి నిలవకపోతున్నా, మగపిల్లల్లో వృషణాలు దిగకపోతున్నా ఆ లైన్‌కి అక్కడ బ్రేక్ వెయ్యాలి. అప్పుడు ఐదు తరాల్లో కామన్ పేరు లేని, నెర్వ్ బాగున్న మగకుక్కతో ఒక ఔట్‌క్రాస్ చేసి, అందులోంచి అన్ని టెస్టులూ పాసైన ఆడపిల్లని ఉంచుకుని, తర్వాతి జతలో 4-4 గానో 4-5 గానో పాత పూర్వీకుడి దగ్గరికి తిరిగి రండి.