బూందీ గరిటెతో సూర్యగ్రహణం చూడటం ఎలా

2019 డిసెంబర్ 26న కేరళ, తమిళనాడుల్లో కొన్ని ఊళ్ళవాళ్ళకి సూర్యుడు కంకణంలా కనిపించాడు. గుంటూరులో మాకు పాక్షిక గ్రహణమే, అయినా సగం పైనే మూసుకుపోతాడు. గ్రహణం కళ్ళజోడు కోసం ముందురోజు సాయంత్రం తిరిగితే ఎక్కడా దొరకలేదు. ఇంట్లో బూందీ గరిటె ఉంది. అది చాలు.

గ్రహణం పట్టకముందే గరిటె మేడ మీదికి చేర్చుకోండి. పట్టాక మా నాయనమ్మ వంటింటి గడప తొక్కనివ్వదు, మీ ఇంట్లోనూ అంతే కావచ్చు.

ఎండ నేరుగా పడే గోడకి తెల్ల పంచె కట్టండి. మేము వాటర్ ట్యాంకు గోడకి నాన్న పంచె కట్టాం. సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, గరిటెని ఎండలోకి ఎత్తి పట్టుకోండి. ప్రతి చిల్లూ పంచె మీద ఒక సూర్యుడి బొమ్మ వేస్తుంది. చిల్లుకీ గోడకీ ఉన్న దూరాన్ని సుమారు నూటితో భాగిస్తే బొమ్మ సైజు వస్తుంది. అంటే రెండు మీటర్లకి రెండు సెంటీమీటర్లు. జానెడు దూరంలో పెడితే బొమ్మ చిల్లు కన్నా చిన్నదై, చిల్లు ఆకారమే గుండ్రంగా పడుతుంది.

మేము రెండు మీటర్లు జరిగాం. చిల్లులు దగ్గర దగ్గరగా ఉండటంతో బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పడి దిబ్బరొట్టెలా అలుక్కుపోయాయి. అప్పుడు చెల్లి పరుగెత్తి అమ్మ బొట్టుబిళ్ళల అట్ట తెచ్చింది. నడిమి చిల్లు ఒకటి, అంచున దూరదూరంగా ఆరు వదిలేసి, మిగతావన్నీ బొట్టుబిళ్ళలతో మూసేశాం. ఇది తప్పకుండా చేయండి. తొమ్మిదిన్నర దాటాక పంచె మీద ఏడు నెలవంకలు! అమ్మ గుమ్మంలోంచి చూసి, తన బిళ్ళలన్నీ అయిపోయాయన్న సంగతే మరిచిపోయింది.

చిల్లుల్లోంచి సూర్యుణ్ణి మాత్రం చూడకండి. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పూసిన గాజు, చలవ కళ్ళద్దాలు, పేడనీళ్ళలో ప్రతిబింబం, ఏవీ వద్దు. రెటీనాకి నొప్పి తెలియదు, కాలిపోతున్నా కన్ను మనకి చెప్పదు. పిల్లలు పక్కనుంటే గోడకేసే తిప్పి కూర్చోబెట్టండి.

మబ్బు అడ్డొస్తే గరిటె దించి చెయ్యి విశ్రాంతి తీసుకోనివ్వండి. గ్రహణం మూడు గంటలు ఉంది, తొందరేం లేదు.

కింద నాయనమ్మ ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది. గ్రహణం ఉన్నంతసేపే నిలుస్తుందని ఆమె లెక్క. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. పంచె మీద సూర్యుళ్ళు ఏడూ గుండ్రంగా అయ్యాక కిందికి దిగి, విడిచిందని చెప్పాను. ఆమె రోకలి వంక చూసి, "ఇంకా పడలేదురా, ఎక్కడో కాస్త మిగిలుంటుంది, మళ్ళీ వెళ్ళి చూసిరా" అంది. గరిటె పట్టుకుని మళ్ళీ మేడెక్కాను.