యుద్ధ సన్నివేశాన్ని విశ్లేషించడం ఎలా?

అనంతపురంలో మా మేడమీది గదిలో ఆదివారం పూట డిగ్రీ పిల్లలతో కలిసి సినిమాలు చూడటం, చూసినదాని గురించి రాయించడం చాలా ఏళ్లుగా నా అలవాటు. వాళ్లు రాసుకొచ్చే కాగితాల్లో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది: "క్లోజప్‌తో బాధను, లో యాంగిల్‌తో వీరత్వాన్ని, రీరికార్డింగ్‌తో ఉద్వేగాన్ని దర్శకుడు అద్భుతంగా పండించారు." ఈ వాక్యం ఏ సినిమాకైనా అతుకుతుంది. అంటే చూసిన సినిమా గురించి అందులో ఏమీ లేదు. పత్రికల సమీక్షల్లోనూ ఇదే వరస. అందుకే నేను చేయించే పద్ధతిని మొదటి నుంచీ రాస్తున్నాను.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. నోట్‌బుక్, పెన్సిల్, ఇయర్‌ఫోన్లు, స్టాప్‌వాచ్, ఒక టవల్. తెర కనీసం ల్యాప్‌టాప్ అంతైనా ఉండాలి. ఫోన్‌లో చూస్తే యుద్ధం చీమల బారులా కనిపిస్తుంది. నోట్స్ మాత్రం చేత్తోనే రాయాలి.

సన్నివేశం అయిదు నిమిషాలు దాటకూడదు. క్లైమాక్స్ మొత్తాన్ని నెత్తికెత్తుకున్నవాళ్లెవరూ సగం కూడా పూర్తి చేయలేదు. మొదటి బాణం పడిన చోట మొదలుపెట్టకుండా, దానికి ఒక నిమిషం ముందు నుంచి తీసుకోండి. యుద్ధానికి ముందున్న నిశ్శబ్దం ఎంతో తెలియకపోతే తర్వాతి గోల ఎంతో తెలియదు.

మొదటిసారి ఆపకుండా చూడండి. అయిపోగానే ఒక్క వాక్యం రాయండి. "గుండె అదిరింది" లాంటిది పనికిరాదు. ఎవరి మీద జాలి కలిగింది, ఎవరి తరఫున భయపడ్డారు, ఏ క్షణంలో? అది రాయాలి.

రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. కట్ పడినప్పుడల్లా, అంటే ఒక షాట్ తెగి ఇంకోటి మొదలైనప్పుడల్లా, కాగితం మీద ఒక గీత గీయండి. నిమిషానికి 12 షాట్లు వస్తే ఒక్కోటి సగటున 5 సెకన్లు. ఆ సగటు ఎక్కడ తగ్గిందో, ఎక్కడ పెరిగిందో గుర్తు పెట్టుకోండి. స్టాప్‌వాచ్ ఎందుకని పిల్లలు విసుక్కుంటారు. మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో వచ్చిన 'మాయాబజార్'కి ఒక్కో సన్నివేశం నిడివిని స్టాప్‌వాచ్‌తో కొలిచి మరీ తీశారు. తీసినాయనే అంత లెక్కగా తీసినప్పుడు చూసేవాళ్లం లెక్క పెట్టుకోవడానికి బద్ధకించకూడదు.

మూడోసారి తెర మీద టవల్ కప్పేసి వినండి. ఈ మెట్టును అందరూ ఎగ్గొడతారు, నేను ఎగ్గొట్టనివ్వను. ఒక్కో ఫ్రేమ్‌ను స్క్రీన్‌షాట్ తీసి బాణం గుర్తులు పెట్టే పద్ధతి ఈమధ్య బాగా చలామణిలో ఉంది. దాంతో రంగులూ కూర్పూ దొరుకుతాయి. ఆగిపోయిన బొమ్మకు శబ్దం ఉండదు కాబట్టి యుద్ధం మాత్రం దొరకదు. నమ్మకం లేకపోతే ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వాళ్ల తోలుబొమ్మలాట ఒకసారి చూడండి. తెర మీద రెండే బొమ్మలు ఎదురెదురుగా ఉంటాయి. రావణుడి సైన్యం ఎక్కడుందంటే ఆటగాడి కాళ్ల కింద చెక్కల్లో ఉంది. దెబ్బ పడినప్పుడల్లా అతను చెక్కను దడాలున తొక్కుతాడు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు తెర మీద లేని సేనను చూసి జడుసుకుంటారు.

ఇప్పుడు అసలు కష్టమైన మెట్టు. పని చెడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

మీ దగ్గర రెండు జాబితాలున్నాయి. కలిగిన భావం ఒకటి, కనిపించిన టెక్నిక్కులు ఇంకొకటి. రెండింటి మధ్యా గీత గీసేస్తే విశ్లేషణ అయిపోయిందనుకుంటారు. అక్కడే బోర్లా పడతారు. ఏ టెక్నిక్‌కూ సొంతంగా భావం లేదు. పక్కన ఏముందో, అంతకుముందు ఏముందో, దాన్నిబట్టి వస్తుంది. దీన్ని చూపించడానికి నేనెప్పుడూ రెండు సన్నివేశాలు పక్కపక్కనే వేస్తాను.

ఒకటి 1998 నాటి 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్'లో, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒమాహా తీరపు దాడి. కెమెరామన్ యానుష్ కమిన్‌స్కీ ఫిల్మ్ మీద వెలుగు పడనిచ్చే షటర్ కోణాన్ని మామూలుగా వాడే 180 డిగ్రీల నుంచి 90కి, 45కి తగ్గించాడు. దాంతో ఒక్కో ఫ్రేమ్‌లో వెలుగు పడే సమయం తగ్గి, ఎగిరే ఇసుక రేణువులు కూడా విడివిడిగా కనిపిస్తాయి, మనుషుల కదలిక తెగి తెగి సాగుతుంది. దాడి జరుగుతున్నంతసేపూ సంగీతం లేదు. మధ్యలో కెప్టెన్‌కు చెవులు దిమ్మెక్కుతాయి, తుపాకుల మోత ఎక్కడో నీళ్లలోంచి వస్తున్నట్టు మందగిస్తుంది.

రెండోది జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1985లో తీసిన 'రాన్'లో కోట ముట్టడి. బాణాలు, మంటలు, శవాల గుట్టలు అన్నీ ఉన్నాయి. యుద్ధపు శబ్దం మాత్రం లేదు. తోరు తకెమిత్సు సంగీతం ఒక్కటే, దుఃఖంగా, నిదానంగా సాగుతుంది. అంతలో ఒక తుపాకీ గుండు పేలుతుంది. ఆ క్షణంలోనే యుద్ధపు హోరంతా తిరిగి వచ్చి మీద పడుతుంది.

రెండు చోట్లా యుద్ధపు మోతను తగ్గించారు లేదా తీసేశారు. భావం మాత్రం ఒకటి కాదు. మొదటిదాంట్లో కెమెరా కెప్టెన్ ముఖాన్ని అంటిపెట్టుకుని ఉంది, కాబట్టి ఆ మందగించిన శబ్దం అతని చెవిది. మనం అతని తలలో ఇరుక్కుని భయపడతాం. రెండోదాంట్లో కెమెరా ఎక్కువగా దూరంగా ఉంటుంది, ఆ సంగీతం అక్కడున్న ఎవరి చెవికీ వినబడదు. సైనికులు కసితో చంపుకుంటుంటే మనం పైనుంచి చూసి ఏడుస్తాం. పాత్ర పడే బాధ వేరు, మనకు కలిగే బాధ వేరు. కాగితంలో ఈ రెంటినీ కలిపేస్తే మిగతాదంతా తప్పే.

అందుకని టెక్నిక్ పేరు రాసే ముందు అది ఎక్కడ మారిందో చూడండి. ఆ శబ్దం, ఆ చూపు ఎవరివి? అది తీసేస్తే ఏం పోతుంది? మూడోదానికి మనసులో జవాబు చెప్పుకుంటే చాలదు. నిజంగా తీసేసి చూడాలి. ముట్టడి సన్నివేశాన్ని ఆ సంగీతం కూడా లేకుండా పెడితే కత్తులు, గుర్రాలు, పరుగులు మిగులుతాయి. దుఃఖం సగానికి పైగా పోతుంది.

ఒక ఆదివారం ఈ ముట్టడి చూశాక బీఎస్సీ చదివే ఒక అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఆ తుపాకీ సద్దు వచ్చినంక ఊపిరి తీసుకున్న్యా సార్. అంతవరకూ బిగబట్టుకున్న్యానని తెలీనే తెలీల్యా." ఎందుకమ్మా అని అడిగాను. "ముందు చచ్చినోళ్లంతా బొమ్మల మాదిరి ఉండారు సార్. ఈయప్ప ఒక్కడే మనిషి మాదిరి పడినాడు."

సరిగ్గా అదీ విశ్లేషణ. ఆ గుండు తగిలింది, కోటలో ఉన్న ముసలి ప్రభువు పెద్ద కొడుకు తారోకు. వెనకనుంచి కాల్చింది తమ్ముడి మనిషి. అప్పటిదాకా శబ్దం లేని యుద్ధం, సొంతవాళ్లే చంపుకున్న చోట నోరు విప్పింది. ఆ అమ్మాయి ఒక్క టెక్నిక్ పేరు కూడా చెప్పలేదు. పేర్లు తర్వాత చేర్చుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త. "దర్శకుడి ఉద్దేశం ఏమిటంటే" అని మొదలుపెట్టకండి. ఆయన మనసులో మనం లేము. తెర మీద ఏం జరిగిందో, మనకేం జరిగిందో రాయండి. నటుడి గొప్పతనం, ఖర్చయిన కోట్లు, షూటింగ్ కబుర్లు ఈ కాగితంలోకి రాకూడదు.

రాసేటప్పుడు పేరాకు ఒకే మార్పు తీసుకోండి. ముందు ఏముంది, ఏ క్షణంలో ఏం మారింది, దాంతో మనం ఎటు జరిగాం, ఈ వరసలోనే రాయండి. రాసింది పక్కన కూర్చున్నవాళ్లకు వినిపించి, సన్నివేశాన్ని మళ్లీ వేయండి. మీరు చెప్పిన క్షణం దగ్గర వాళ్లు చెయ్యెత్తాలి. ఎత్తకపోతే ఆ పేరా కొట్టేసి మూడో వీక్షణ నుంచి మళ్లీ మొదలుపెట్టండి, టవల్ కప్పి.