బుల్లెట్ సీసం గట్టిదనం కొలిచే ముందు ఇవి చూసుకోండి

పోతపోసిన బుల్లెట్ ఎంత గట్టిగా ఉందో చెప్పే లీ టెస్టర్ (లీ కంపెనీ గట్టిదనం కొలిచే పరికరం) పద్ధతి పైకి సులువే. 5/32 అంగుళం స్టీలు గోళీని తూటాలు తయారుచేసే చేతి ప్రెస్సుతో, 60 పౌండ్ల బలంతో 30 సెకన్లు నొక్కి ఉంచి, పడిన గుంట వెడల్పును 20 రెట్లు పెద్దగా చూపే చిన్న మైక్రోస్కోప్‌లో చదివి, పట్టికలో బ్రినెల్ సంఖ్య (గట్టిదనం కొలమానం, ఎంత ఎక్కువైతే అంత గట్టి) చూసుకోవడమే. లెక్క ఎక్కువగా తప్పేది మాత్రం ఆ చదవడం దగ్గరే.

స్కేలు మీద ఒక్కో గీత 0.002 అంగుళం. మెత్తటి సీసంలో గుంట 0.100 దగ్గర ఉంటుంది కాబట్టి ఒక గీత అటూ ఇటూ అయినా తేడా 0.2 బ్రినెలే. అదే గుంట 0.060 అయితే 14.3, ఒక గీత ఎక్కువ చదివారా, 13.4 అయిపోతుంది. లైనోటైప్ (అచ్చు అక్షరాలు పోసే సీసం మిశ్రమం) లాంటి గట్టి లోహంలో ఒక్క గీతకే దాదాపు 2 పోతుంది. అందుకే లోహం గట్టిదయ్యేకొద్దీ ఓపిక పెంచాలి.

మైక్రోస్కోప్‌ను చేత్తో పట్టుకుని చదవకండి, ఎంత నిలకడగా పట్టుకున్నామనుకున్నా గీతలు కదులుతూనే ఉంటాయి. స్టాండుకు బిగించి, బుల్లెట్‌ను దొర్లకుండా వి ఆకారపు దిమ్మెలో పెట్టి, టార్చి వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడేలా చూసుకోండి, అప్పుడే గుంట అంచు తేటగా తెలుస్తుంది. నొక్కే ముందు ఆ చోట మార్కర్ పూస్తే ఇంకా నయం. గుంటను ఒక దిశలో కొలిచాక, అదే గుంటను దానికి అడ్డంగా మరో దిశలో మళ్లీ కొలవండి. రెండూ బాగా తేడాగా వస్తే గుంట గుండ్రంగా పడలేదని అర్థం, అది వదిలేసి ఇంకోటి నొక్కండి.

గుంట పడే చోటును ముందుగా ఆకురాయితో చదునుగా అరగదీయాలి. ఆ పొడిని నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. సీసం ఒంట్లోకి వెళ్తే ప్రమాదం, పని అయ్యేదాకా తినడం, తాగడం వద్దు, ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. ప్రెస్సులో పెట్టేది విడి బుల్లెట్‌నే, మందు నింపిన తూటాను ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి.

యాంటిమొనీ (సీసాన్ని గట్టిపరచడానికి కలిపే లోహం) కలిసిన సీసం పోసిన తర్వాత రోజులు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, నీళ్లలో చల్లార్చినవైతే మరీనూ. కాబట్టి పోసిన రోజు వచ్చిన అంకెను ఖాయం చేసుకోకుండా కొన్ని వారాలాగి మళ్లీ చూడండి. కొలవడం మొదలుపెట్టే ప్రతిసారీ ముందు ఒక స్వచ్ఛమైన సీసం ముక్క కొలవండి. అది 5 దగ్గర రాకపోతే, అసలు బుల్లెట్ల జోలికి వెళ్లకుండా మీ బిగింపు, వెలుతురు సరిచూసుకోండి.